రాత్రి పన్నెండింటికి పోయే డేటా ఎవరి లెక్కలోకి వెళ్తుంది?

పోస్టు కొంచెం పెద్దది. సిగ్నల్ ఉన్నప్పుడు ఓపెన్ చేసి పెట్టుకోండి, తర్వాత నిదానంగా చదువుకోవచ్చు.

పోయిన వారం మన తమ్ముడొకడు గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టాడు. రోజుకి 1.5 జీబీ ప్లాన్. టైమ్ రాత్రి 11:52. మిగిలిన డేటా 1.38 జీబీ. కింద "ఇంకో ఎనిమిది నిమిషాల్లో ఇది గంగలో కలుస్తుంది" అని రాశాడు. అందరం నవ్వుకున్నాం. తర్వాత ఒక అన్న అడిగాడు: "సరే, టవర్ లేక వాడుకోలేదు. మరి డబ్బులు ఇచ్చాం కదా, ఆ డేటా ఎక్కడికి పోయింది?" దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు తెలిసినంతలో చెప్దామని ఈ పోస్టు. జవాబు కోసం ముప్పై ఏళ్లు వెనక్కి పోవాలి.

1995 జూలై 31. కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి ఫోన్ చేశారు. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ అదే. నిమిషానికి 8 రూపాయల నుంచి 16 రూపాయల పైదాకా ఉండేది. ఫోన్ వచ్చినా డబ్బులే, చేసినా డబ్బులే. ఇది చాలామందికి తెలిసిన కథే. దీని వెనక ఇంకో కాగితం ఉంది. మన చరిత్ర ఆ కాగితంలో ఉంది.

అప్పట్లో దేశాన్ని సర్కిళ్లుగా విడగొట్టి కంపెనీలకి లైసెన్సులు ఇచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 'ఎ' కేటగిరీ సర్కిల్, అంటే జనం, ఆదాయం ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. లైసెన్సులో ఒక షరతు పెట్టారు: మొదటి ఏడాదిలో జిల్లా కేంద్రాల్లో 10 శాతం, మూడేళ్లలో 50 శాతం చోట్ల సర్వీసు ఇవ్వాలి. జిల్లా కేంద్రం కుదరకపోతే ఆ జిల్లాలో ఇంకో పట్టణం ఇచ్చినా చాలు. అంతే. ఊళ్ల గురించి మాట లేదు.

అప్పుడు మనకి 23 జిల్లాలు. సగం అంటే 12 పట్టణాలు. విశాఖ జిల్లాకి కేంద్రం విశాఖపట్నం, పాడేరు కాదు. ఖమ్మం జిల్లాకి ఖమ్మం, భద్రాచలం కాదు. ఆదిలాబాద్ జిల్లాకి ఆదిలాబాద్, ఉట్నూరు కాదు. అంటే ఏజెన్సీలో ఒక్క టవర్ కూడా వేయకుండా కంపెనీ తన లైసెన్సు షరతు నూటికి నూరు పాళ్లు పూర్తి చేసేయొచ్చు. చట్టం తప్పినట్టు కూడా కాదు. పాడేరు జిల్లా కేంద్రం అయింది 2022 ఏప్రిల్‌లో. ఆ షరతు రాసిన 27 ఏళ్లకి!

మనల్ని ఎవరో కావాలని తీసేశారని నేను అనడం లేదు. అసలు లెక్క మొదలైనప్పుడే మనం అందులో లేము. "మీ దగ్గర సిగ్నల్ ఎందుకు లేదు" అని ఎవరైనా అడిగితే కొండలు, అడవి, కరెంటు, రోడ్డు అని చెప్తాం. అవన్నీ నిజమే. కానీ వాటికంటే ముందు ఈ కాగితం ఉంది.

కంపెనీలు వేలంలో ఎక్కువ పాడేసి ఫీజులు కట్టలేకపోయాయి. 1999లో ప్రభుత్వం కొత్త టెలికాం పాలసీ తెచ్చి, స్థిరమైన ఫీజు తీసేసి, వచ్చిన ఆదాయంలో వాటా ఇస్తే చాలంది. (మనోళ్లు బ్యాంకు లోను కట్టలేకపోతే ఇలా కొత్త పాలసీ ఎప్పుడైనా వచ్చిందా? సరే, అది ఇంకో పోస్టు.) అదే పాలసీలో మనకి పనికొచ్చే మాట కూడా ఒకటుంది. లాభం రాని మారుమూల ఊళ్లకి ఫోన్ ఇవ్వడానికి ఒక నిధి ఉండాలన్నారు. అలా 2002 ఏప్రిల్ నుంచి యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ వచ్చింది. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం దాంట్లోకి పోతుంది. కంపెనీ ఆదాయం అంటే మనం చేసే రీచార్జే. సంతలో పది రూపాయల కార్డు గీకిన ముసలమ్మ కూడా ఆ నిధికి చందా కట్టింది.

ఆ నిధి ఏమైంది? ఏళ్ల తరబడి పోగైంది. 2018 ప్రాంతానికి వసూలైనదాంట్లో దాదాపు సగం ఖర్చే కాలేదు. 2014లో తీవ్రవాద ప్రభావిత జిల్లాల కోసం టవర్లు మంజూరు చేశారు, మన రెండు రాష్ట్రాలు కూడా అందులో ఉన్నాయి. బీఎస్ఎన్ఎల్ ద్వారా మొత్తం 2,343 టవర్లు వేశారు. సోలార్‌తో నడిచే 2జీ టవర్లు. మాట్లాడుకోడానికి పనికొచ్చాయి, నెట్ మాత్రం పేరుకే. వాటిని 4జీకి మార్చాలని కేబినెట్ నిర్ణయించింది 2022 ఏప్రిల్‌లో.

ఇప్పుడు అసలు విషయానికి, కంపెనీ విలువకి వద్దాం. టెలికాం కంపెనీ విలువని ఎలా కడతారు? టవర్లు, కేబుళ్లు, స్పెక్ట్రం అన్నీ ఉంటాయి గానీ, కొనేవాడు ముందు చూసేది రెండు అంకెలు. కస్టమర్లు ఎంతమంది, ఒక్కో తల మీద నెలకి సగటున ఎంత వస్తోంది. రెండోదాన్ని వాళ్లు 'ఆర్పు' అంటారు. టీవీలో షేర్ మార్కెట్ వార్తలు వచ్చినప్పుడు వింటూనే ఉంటారు.

2007 ఫిబ్రవరిలో వొడాఫోన్ వచ్చి హచ్‌లో 67 శాతం వాటా కొంది. అప్పులతో సహా మొత్తం కంపెనీకి కట్టిన విలువ 18.8 బిలియన్ డాలర్లు. అప్పటికి హచ్ కస్టమర్లు రెండు కోట్ల ఇరవై లక్షల పైచిలుకు. భాగించి చూడండి, తలకి దాదాపు 800 డాలర్లు. ఆ రోజుల్లో మా ఊళ్లో ఒక్క ఫోను లేదు. మా మండలం ముంచింగిపుట్టు. ఎస్టీడీ బూత్ కోసం సంత రోజు దాకా ఆగేవాళ్లమని మా నాన్న చెప్తాడు.

2010లో 3జీ వేలం. ప్రభుత్వానికి 67 వేల కోట్ల పైన వచ్చింది. వెంటనే జరిగిన బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రం వేలంలో ఇన్ఫోటెల్ అనే చిన్న కంపెనీ దేశం మొత్తానికి స్పెక్ట్రం గెలుచుకుంది, 12,847 కోట్లకి. అదే రోజు రిలయన్స్ 4,800 కోట్లు పెట్టి ఇన్ఫోటెల్‌లో 95 శాతం కొనేసింది. జియోకి పునాది అదే.

జియో వచ్చేముందు డేటా ఎలా అమ్మేవాళ్లో గుర్తుందా? 1 జీబీ ప్యాక్, 28 రోజులు, రెండొందల యాభై చుట్టూ. ట్రాయ్ లెక్క ప్రకారం 2014లో 1 జీబీ సగటు ధర సుమారు 269 రూపాయలు. అది ఎన్ని రోజులకి అయిపోతే అన్ని రోజులకి. పొదుపుగా వాడితే నెలంతా వచ్చేది. హాస్టల్లో మా సీనియర్ ఒకాయన రిజల్ట్స్ రోజు కోసం 200 ఎంబీ దాచిపెట్టుకునేవాడు. నిజంగా దాచుకోవచ్చు అప్పుడు.

2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది. ముందు అంతా ఫ్రీ, రోజుకి 4 జీబీ. 2017 జనవరి నుంచి ఫ్రీనే గానీ రోజుకి 1 జీబీ. తర్వాత వచ్చిన డబ్బు ప్లాన్లలో కూడా ఆ "రోజుకి" అనే మాట అలాగే ఉండిపోయింది. మిగతా కంపెనీలూ అదే పట్టుకున్నాయి. 2018 కల్లా జీబీ ధర 12 రూపాయల లోపుకి పడిపోయింది. మేలు జరగలేదని ఎవరూ అనలేరు. డీఎస్సీ, గ్రూప్స్ క్లాసులు యూట్యూబ్‌లో వింటున్నామంటే దాని వల్లే.

కానీ ఒక మార్పు చప్పుడు లేకుండా జరిగింది. అంతకుముందు మనం డేటా కొనేవాళ్లం. ఇప్పుడు రోజులు కొంటున్నాం.

రోజు లిమిట్‌కి ఒక న్యాయమైన కారణం ఉంది, అది చెప్పాలి. ఒక టవర్ కింద అందరూ ఒకేసారి పది జీబీలు లాగేస్తే ఎవరికీ రాదు. రోజుకింత అని కట్ చేస్తే లోడు పంచుకుంటుంది. లిమిట్ దాటితే స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, నెట్ ఉన్నట్టే గానీ పేజీ రాదు. ఇదంతా టెక్నికల్. వ్యాపారం సంగతి వేరే ఉంది. 1.5 జీబీ చొప్పున 28 రోజులకి 42 జీబీ. అమ్మేటప్పుడు 42 అని చెప్తారు. 2024లో ట్రాయ్ చెప్పిన సగటు వాడకం మనిషికి నెలకి 20 జీబీ చుట్టూ. అందరూ ఇదే ప్లాన్‌లో ఉండరు కాబట్టి రెండూ నేరుగా పోల్చలేం గానీ, చెప్పిన దాంట్లో చాలా భాగం ఎవరూ వాడరని కంపెనీకి తెలుసు. వాడనిది రాత్రి పన్నెండుకి చెరిగిపోతుంది. రేపటికి పోతే రేపు తక్కువ ప్లాన్ వేసుకుంటాం కదా, అందుకే పోనివ్వరు.

28 రోజుల 'నెల' కూడా ఇంతే. ఏడాదికి 12 కాదు, 13 రీచార్జులు. కనీసం ఒక్క ప్లాన్ అయినా 30 రోజులది పెట్టమని 2022 జనవరిలో ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు కొండ మీది మనిషిని ఈ లెక్కలో పెట్టి చూడండి. హైదరాబాద్‌లో ఒకడు, మా ఊళ్లో ఒకడు. ఇద్దరిదీ ఒకటే ప్లాన్, ఒకటే ధర. అక్కడివాడు 1.5 మొత్తం వాడేస్తాడు. ఇక్కడివాడు సాయంత్రం గట్టు ఎక్కి గంటసేపు వాట్సాప్ చూసుకుని దిగుతాడు. కంపెనీ పుస్తకంలో ఇద్దరూ ఒకే ఆర్పు. కానీ వాడకం భారం అక్కడివాడిదే ఎక్కువ. తక్కువ వాడి పూర్తి ధర కట్టే కస్టమర్ మనమే. ఆ తమ్ముడి 1.38 జీబీ ఎక్కడికీ పోలేదు అన్నా. అది డేటాగా చెరిగిపోయింది, రూపాయిగా కంపెనీ విలువలో ఉండిపోయింది.

2020 ఏప్రిల్ 22 తేదీ గుర్తుపెట్టుకోండి. లాక్‌డౌన్ మధ్యలో ఫేస్‌బుక్ 43,574 కోట్లు పెట్టి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం కొంది. కంపెనీ మొత్తానికి కట్టిన విలువ 4.62 లక్షల కోట్లు. అప్పటికి జియో కస్టమర్లు 38 కోట్ల 75 లక్షలు, ఒక్కొక్కరి మీద నెలకి 130 రూపాయల చిల్లర. అప్పులు, యాప్‌లు అన్నీ కలిపిన విలువే అనుకోండి, భాగిస్తే తలకి దాదాపు 12 వేలు. గూగుల్‌తో సహా వరసగా పెట్టుబడులు వచ్చి ఆ ఏడాది మొత్తం లక్షా యాభై రెండు వేల కోట్లు దాటింది.

అదే ఏడాది హాస్టళ్లు మూసేసి మమ్మల్ని ఇళ్లకి పంపారు. ఆన్‌లైన్ క్లాస్ అన్నారు. నేను, మా చిన్నాన్న కొడుకు, ఇంకో ఇద్దరం ఊరికి రెండు కిలోమీటర్ల పైన ఉన్న గట్టు మీద పనస చెట్టు కింద కూర్చునేవాళ్లం. నలుగురికి రెండు ఫోన్లు. వాన వస్తే ఫోన్లు చొక్కాలో పెట్టుకుని కిందికి పరుగు. మా సిమ్ ఏ కంపెనీదో అనవసరం, అన్నీ అలాగే ఉన్నాయి. ఆ నెల రీచార్జ్ కోసం అమ్మ పిప్పళ్లు ఎండకముందే షావుకారికి తక్కువకి ఇచ్చేసింది. అమ్మ వేయించిన ఆ రీచార్జ్ కూడా ఏదో ఒక కంపెనీ లెక్కలో ఒక తల. 12 వేలు విలువ చేసే తలకి ఒక టవర్ దిక్కు లేదు.

కంపెనీలన్నీ బాగుపడ్డాయనుకోకండి. 2016 తర్వాత ధరల పోటీలో ఎయిర్‌సెల్ దివాలా తీసింది, ఆర్‌కామ్ సెల్ సర్వీసు మూసేసింది, టెలినార్, టాటా డొకొమో ఎయిర్‌టెల్‌లో కలిశాయి, వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. 2019 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు బకాయిల తీర్పు ఇచ్చాక వొడాఫోన్ ఐడియా ఒక్క మూడు నెలలకే 50,921 కోట్ల నష్టం చూపించింది. దాని బకాయిలు ప్రభుత్వం షేర్లుగా మార్చుకుంటూ వచ్చి, 2025 నాటికి 49 శాతం దాకా వాటాదారు అయింది. చివరికి మిగిలింది ప్రైవేటు కంపెనీలు మూడు, బీఎస్ఎన్ఎల్ ఒకటి. ముగ్గురే మిగిలాక ధర తగ్గించే తొందర ఎవరికి ఉంటుంది? 2024 జూలై మొదటి వారంలో ముగ్గురూ వరసగా పెంచారు. జియోలో రోజుకి 1.5 జీబీ ప్లాన్ 239 నుంచి 299 అయింది. నెట్ రాని ఊళ్లో నెట్ ప్లాన్ ఎందుకు, మాటలకి మాత్రమే ప్లాన్ ఇవ్వండి అన్న మాట చివరికి ట్రాయ్ దాకా చేరి, 2024 డిసెంబర్‌లో వాయిస్, మెసేజ్‌లకి విడిగా ప్లాన్ పెట్టాల్సిందే అని రూలు వచ్చింది. మీ ఇంట్లో బటన్ ఫోన్ వాడే అమ్మమ్మ, తాతయ్యలకి ఏ ప్లాన్ వేస్తున్నారో ఒకసారి చూడండి. షాపువాడు దాని గురించి చెప్పడు.

మరి మన టవర్లు? 2021 నవంబర్‌లో ఐదు రాష్ట్రాల్లో 44 వెనకబడిన జిల్లాల్లోని 7,287 ఊళ్లకి 4జీ ఇవ్వాలని 6,466 కోట్లు కేటాయించారు. ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలంగాణ లేదు. 2022 జూలైలో ఇంకో 26,316 కోట్లతో దేశంలో మిగిలిన 24,680 ఊళ్లు, బీఎస్ఎన్ఎల్ ద్వారా. 2023 జూన్‌లో మన దగ్గర ఒకేసారి 100 జియో టవర్లు ప్రారంభించారు, 85 అల్లూరి జిల్లాలోనే. ఆ 44 జిల్లాల పథకంలో టవర్ వేయడానికి, ఐదేళ్లు నడపడానికి డబ్బు ఆ ఐదు శాతం నిధి నుంచే. సిమ్ అమ్మితే వచ్చే రాబడి మాత్రం కంపెనీది. ముందు మన చందాతో టవర్, తర్వాత మన రీచార్జ్‌తో ఆర్పు. నిధికి ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చారు.

టవర్ వచ్చినందుకు సంతోషమే, నేను కాదనను. పోయిన నెల మా చెల్లి ఇంట్లోనే కూర్చుని ఎంసెట్ మాక్ టెస్ట్ రాసింది. కరెంటు పోయినప్పుడు టవర్ కూడా పోయింది, అది వేరే విషయం.

చివరగా ఒక పని. మీ ఊళ్లో టవర్ ఏ ఏడాది పడింది, ఎవరిది, రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తోంది, కింద కామెంట్లో ఊరు, మండలం పేరుతో రాయండి. వారం రోజులు రాత్రి 11:50కి మిగిలిన డేటా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. ఇంకో తమ్ముడు ఎక్సెల్‌లో ఎక్కిస్తానన్నాడు. ఐటీడీఏ గ్రీవెన్స్‌కి వెళ్లే రోజు ఉత్త చేతులతో పోకుండా అది ప్రింట్ తీసుకుని పోదాం. సిగ్నల్ లేని ఊరి వాళ్లది సంత రోజు వచ్చినప్పుడు అడిగి మీరే రాసేయండి.