ఒక డాలరు వాటా, ఒక మంచు గొడ్డలి

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మన ఆడవాళ్లకి వేసవి ఎలా మొదలవుతుందో చెప్పక్కర్లేదు. జూన్ రాగానే గ్రూపులో మెసేజీలు. "అత్తయ్యని మౌంట్ రేనియర్ తీసుకెళ్తున్నాం, బూట్లు ఎక్కడ కొనాలి?" "పడవ అద్దెకిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా, విసుక్కోకుండా చెప్పేవాళ్లు?" ఆ రెండో మెసేజీ దగ్గర నేను ఆగిపోయాను. ఆమె ధర అడగలేదు చూశారా. ఏమీ తెలియని మనిషి కొట్లోకి వెళ్లి నోరు తెరిచి అడగగలగాలి, అంతే.

ఈ ఊళ్లో అడవికీ కొండకీ కావలసిన సామాను అమ్మడం పాత వ్యాపారమే. 1897లో క్లోండైక్‌లో బంగారం దొరికిందని వేలమంది సియాటిల్ మీదుగా ఉత్తరానికి పరుగెత్తారు. ఏడాదికి సరిపడా సరుకు, అంటే దాదాపు టన్ను బరువు వెంట ఉంటేగానీ కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. ఆ సరుకు అమ్మి సియాటిల్ షాపులవాళ్లు బాగుపడ్డారు. ఫిల్సన్ పుట్టింది ఆ ఏడాదే. 1920లో ఎడీ బాయర్ వచ్చాడు. అవన్నీ ముఖ్యంగా గనికీ, వేటకీ, చేపలకీ వెళ్లే మగవాళ్ల కొట్లు.

సరదాగా కొండ ఎక్కేవాళ్ల సంగతి వేరు. 1906లో ఇక్కడ ది మౌంటెనీర్స్ అనే క్లబ్ పెట్టినప్పుడు మొదటి సభ్యుల్లో సుమారు సగం మంది ఆడవాళ్లే. మరి సామాను? 1930ల్లో, చేతిలో డబ్బులాడని రోజుల్లో, లాయిడ్ ఆండర్సన్ అనే ఇంజనీరుకి మంచి మంచు గొడ్డలి ఒకటి కావలసి వచ్చింది. స్థానికంగా 20 డాలర్లు చెప్పారు. ఆస్ట్రియా నుంచి నేరుగా తెప్పిస్తే పోస్టు ఖర్చుతో కలిపి మూడున్నర డాలర్లే అయింది.

ఈ కథలో నాకు నచ్చిన మనిషి లాయిడ్ కాదు, ఆయన భార్య మేరీ. ఆవిడ బడిపంతులమ్మ. జర్మన్ తెలుసు కాబట్టి ఆ క్యాటలాగు చదివి అర్థం చెప్పింది ఆవిడే. గొడ్డలి చూసిన స్నేహితులు "మాకూ తెప్పించండి" అన్నారు. 1938లో 23 మంది తలా ఒక డాలరు వేసుకుని సహకార సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పటి ఆర్‌ఈఐ. మన ఊళ్లలో పొదుపు సంఘం నడిపిన అమ్మలకి ఇది విడమర్చి చెప్పనవసరం లేదు. కొనేవాళ్లే యజమానులు, మిగిలిన లాభం వాళ్లదే. మొదట్లో సామానంతా ఆండర్సన్ల ఇంటి అటకమీదే. పగలు ఉద్యోగాలు, సాయంత్రం ఆర్డర్లు. 1955 దాకా, అంటే 17 ఏళ్లపాటు, పూర్తికాలం జీతగాడే లేడు! అప్పుడు చేరిన జిమ్ విటాకర్ 1963లో ఎవరెస్ట్ ఎక్కిన మొదటి అమెరికన్ అయ్యాడు. మేరీ 107 ఏళ్లు బతికి 2017లో కన్నుమూసింది.

ఆ కొట్టు ఇప్పుడు ఎంత పెద్దదైందో మీకు తెలుసు. 2005లో దాని పగ్గాలు శాలీ జ్యూయెల్ అనే ఆవిడ చేతికొచ్చాయి. తర్వాత ఆవిడే ఒబామా ప్రభుత్వంలో అంతర్గత వ్యవహారాల మంత్రి. అలాగని అంతా వెన్నెల కాదు. 2022లో న్యూయార్క్ సోహో షాపు ఉద్యోగులు యూనియన్ పెట్టుకున్నారు. 2025 జనవరిలో, మనలాంటి కొత్తవాళ్లకి చెయ్యిపట్టి నేర్పే క్లాసులూ టూర్లూ నడిపే విభాగాన్ని సంస్థ మూసేసింది. డబ్బు లెక్క వాళ్లది, కాదనను. కానీ అటకమీది కొట్టులో అడిగినవాళ్లకి చెప్పడం వేరే విభాగం కాదు, అదే వ్యాపారం.

అందుకే చిన్నవాళ్లని వెతుక్కోమంటాను. 1972లో పీటర్, క్యారల్ హిక్నర్ అనే దంపతులు మొదలుపెట్టిన ఫెదర్డ్ ఫ్రెండ్స్ ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉంది. వాళ్ల ఈకల జాకెట్ల ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, అది ముందే చెప్తున్నా. లేక్ యూనియన్‌లో డిక్, కొలీన్ వాగ్నర్ తమ తేలే ఇంటి దగ్గర పాత చెక్క పడవలు అద్దెకిచ్చేవారు. దాంట్లోంచే సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్ పుట్టింది.

కొట్టు మంచిదో కాదో నేను చూసే పద్ధతి ఒకటే. లోపలికెళ్లి "మొదటిసారి వస్తున్నాను, ఏం కొనకుండా సరిపోతుంది?" అని అడుగుతాను. మంచివాళ్లయితే ఇంట్లో ఉన్నదానితో సర్దుకోమంటారు, లేదా అద్దెకి తీసుకోమంటారు. అత్తయ్యకైతే, రేనియర్ మీద ప్యారడైజ్ దగ్గర జులైలోనూ మంచు ఉంటుందని వాళ్లే ముందు చెప్పాలి. చెప్పకుండా ఖరీదైన బూట్లు చూపించారా, వచ్చేయండి.

ఇక పడవ అడిగిన చెల్లీ, ఆ వుడెన్ బోట్స్ వాళ్లు ఆదివారాలు జనాన్ని ఉచితంగా తిప్పుతారు. ఈ సీజన్ వేళలు ముందు కనుక్కుని, పొద్దున్నే వెళ్లి పేరు రాయించుకో. పిల్లకి స్వెట్టర్ మర్చిపోకు, నీళ్లమీద గాలి చల్లగా ఉంటుంది.