చల్లదనానికి పద్దు: వట్టివేళ్ల తడిక నుంచి ఏసీ సర్వీసు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నాకు రాజుల చరిత్ర రాదు, పద్దుల చరిత్ర మాత్రమే వచ్చునన్నాను. అదే రాయమన్నారు. ఎండాకాలంలో మనిషి చల్లగా కూర్చోవడానికి ఏటేటా పెట్టే ఖర్చు ఒకటుంది. అది కచేరీ పద్దులోంచి మా ఇంటి పద్దులోకి ఎలా వచ్చిందో రాస్తున్నాను.

నేను 1972లో ఎల్.డి.సి.గా పల్నాడులోని ఒక తాలూకా కచేరీలో చేరాను. పల్నాడు ఎండల సంగతి చెప్పనక్కరలేదు. రెంటచింతల పేరు ప్రతి వేసవిలోనూ పత్రికల్లో చూస్తూనే ఉంటాం. మార్చి నెలాఖరుకు కచేరీ పడమటి కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టేవారు. ఒక ముసలాయన వరండాలో కుండ పెట్టుకుని, గంటకోసారి చెంబుతో వాటిమీద నీళ్లు చల్లేవాడు. బయటి వడగాలి ఆ తడివేళ్లలోంచి వచ్చేటప్పుడు నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేసుకునేది. కొత్తకుండలో నీరు చల్లబడేదీ ఈ సూత్రంతోనే. మధ్యాహ్నం రెండింటికి ఆ వాసన తగులుతుంటే ఫైలు మీద తల వాల్చని గుమాస్తా లేడు. నేనూ వాల్చాను.

కంటింజెంటు బిల్లు రాసే పని నాది. తడికల ఖరీదు ఒక పద్దు, నీళ్లు చల్లే మనిషి కూలి ఇంకో పద్దు. తడికలు ఒకసారి కొంటే సరిపోయేది కాదు. వేళ్లు కుళ్లేవి, మళ్లీ అల్లించాలి. ఒక ఏడాది ఆడిట్‌వారు “పోయినేడు కొన్న తడికలు ఏమైనవి?” అని అభ్యంతరం రాస్తే, కుళ్లిన వేళ్లకట్టను అటకమీంచి దింపి చూపించాం. చల్లదనానికి కొనుగోలు ఖర్చు వేరు, కాపాడుకునే ఖర్చు వేరు అని నాకు మొదట తెలిసింది అక్కడే.

ఆ కచేరీ రికార్డు గదిలోని పాత రిజిస్టర్లలో “పంకా కూలి” అనే పద్దు కనబడేది. దూలానికి గుడ్డ పంకా వేలాడదీసి, దాని తాడును గోడకంతలోంచి బయటికి తీస్తే, వరండాలో కూర్చున్న మనిషి రోజంతా లాగుతుండేవాడు. దొరలు వేసవికి ఉదకమండలం కొండెక్కేవారు. గుమాస్తాలకు పంకా దిక్కు, పంకా లాగేవాడికి అదీ లేదు. కరెంటు ఫ్యాను వచ్చాక ఆ మనిషి పోయాడు, పద్దు పోయింది. వేసవి కూలీలు గనుక వారికి పింఛను మాట లేదు. నీళ్లు చల్లిన మా ముసలాయనకూ లేదు.

డబ్బున్నవారి చల్లదనం ఓడల్లో వచ్చింది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకు మంచుగడ్డలు దిగుమతి అయ్యాయి. మద్రాసులో వాటిని దాచడానికి 1842లో ఐస్ హౌస్ కట్టారు. మెరీనా ఒడ్డున వివేకానంద భవనంగా అది నేటికీ ఉంది. ఆ మంచు మన యంత్రాలకు ఒక మాట వదిలిపోయింది. “ఒకటిన్నర టన్నుల ఏసీ” అంటే యంత్రం బరువని నేను చాలాకాలం అనుకున్నాను. కాదట. ఒక టన్ను, అంటే అమెరికా లెక్కలో సుమారు 907 కిలోల మంచు, 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి లాగుతుందో అంత లాగే శక్తి అని అర్థం.

ఏసీ కూడా మనిషి కోసం పుట్టలేదు. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో గాలి తేమకు కాగితాలు సాగి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడకపోతుంటే, విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు తేమను అదుపు చేసే యంత్రం రూపొందించాడు. కాగితం సుఖం కోసం పుట్టిన యంత్రమన్నమాట. జీవితమంతా కాగితాలకు సేవ చేసినవాణ్ని గనుక నాకిది వింతగా తోచలేదు.

నేను 2009లో రిటైరై విజయవాడలో స్థిరపడ్డాను. మొదట కూలరు కొన్నాం. అదీ వట్టివేళ్ల తడిక తోబుట్టువే. పల్నాడు పొడిగాలికి పనిచేసిన సూత్రం విజయవాడ ఉక్కపోతకు పనిచేయలేదు. గాలిలో అప్పటికే తేమ ఉంటే కూలరు నీరు ఆవిరవదు, పక్కబట్టలు తడుస్తాయి. 2015 మే నెల వడగాలులకు మన రెండు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లోనే మా ఆవిడ వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరుగారు చల్లని గదిలో ఉంచమన్నారు. దాచుకున్న సొమ్ము తీసి జూన్‌లో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ పెట్టించాను.

కొన్న ఖర్చు ఆ ఒక్కసారితో సరి. కాపాడుకునే ఖర్చు అసలు కథ. ప్రతి మార్చిలో ఒక మెకానిక్కు వచ్చేవాడు. మూత తీసి చూసి, “గ్యాస్ అయిపోయింది సార్” అనేవాడు. సర్వీసు చార్జీ కాక గ్యాసుకే 2016లో 1,800, 2017లో 2,200, 2018లో 2,500, 2019లో 2,800 రూపాయలు ఇచ్చాను. నా పద్దు పుస్తకంలో ఉన్నాయి, మొత్తం 9,300. రసీదు ఒక్కదానికీ లేదు. రసీదు లేనిదే అర్ధరూపాయి బిల్లు పాస్ చేయనివాణ్ని నేను!

2019లో మా ఆవిడ అడిగింది: “ఏమండీ, వంటగ్యాసంటే పొయ్యిలో మండి అయిపోతుంది. ఇది ఎక్కడ మండుతోందండీ?” నీకేం తెలుసు ఊరుకోమన్నాను.

2020 వేసవిలో లాక్‌డౌన్. మెకానిక్కు రాలేదు. ఏసీ గాలి సన్నగా వస్తోంది. గత్యంతరం లేక స్టూలెక్కి మూత తీసి ఫిల్టరు జాలీలు బయటికి లాగాను. దుమ్ము కంబళిలా పట్టి ఉంది. కుళాయి కింద కడిగి, పాత టూత్ బ్రష్షుతో రుద్ది, నీడన ఆరబెట్టి మళ్లీ పెట్టాను. పావుగంటలో గది చల్లబడింది. ఒక్క గ్రాము గ్యాసు ఎక్కించకుండా ఆ వేసవంతా నడిచింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

తరువాత వచ్చిన ఒక కుర్రవాడు వివరంగా చెప్పాడు. ఏసీలో గ్యాసు మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది, వాడకంతో తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ఆ కారే చోటు వెదికి మూయకుండా నింపితే మళ్లీ పోతుంది. ఎన్ని గ్రాములు పట్టాలో బయటి యూనిట్టు రేకుమీద అచ్చువేసి ఉంటుంది. మాది ఆర్-22 గ్యాసు. ఓజోను పొరకు చేటని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని క్రమంగా మానిపిస్తున్నారు. కొత్త యంత్రాల్లో ఎక్కువగా ఆర్-32 ఉంటోంది. ఇంట్లోకి నీరు కారితే చాలాసార్లు నీరు పోయే గొట్టంలో నాచు పట్టడమే కారణమట.

ఇప్పుడు నా పద్దు ఇలా ఉంది. వేసవిలో పదిహేను రోజులకోసారి జాలీలు కడగడం, ఖర్చు లేదు. ఏడాదికి రెండుసార్లు నీటి పంపుతో లోపలి, బయటి యూనిట్లు కడిగించడం, ఈసారి ఒక్కోదానికి 600 రూపాయలు తీసుకున్నారు. 2022లో ఒక కెపాసిటరు మార్చారు, పాతది నా చేతికిచ్చారు, రసీదూ ఇచ్చారు. గ్యాసు పద్దు 2019 తరువాత ఖాళీ.

కొత్త ఏసీ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గిందని, పాతది మార్చమని మా అబ్బాయి అంటున్నాడు. పదేళ్లు దాటింది నిజమే, ఆలోచిస్తున్నాను. మీలో ఎవరికైనా ఏటా “గ్యాస్ అయిపోతుంటే” ఈసారి డబ్బిచ్చే ముందు జాలీ తీసి చూడండి, కారే చోటు చూపించమనండి. స్టూలు మాత్రం మీరెక్కకండి, మనవల్ని ఎక్కించండి. నా పద్దు పుస్తకం చూడదలచినవారు నెల మొదటి ఆదివారం సంఘం సమావేశానికి వస్తే తెచ్చి చూపిస్తాను.