చికిత్సా కేంద్రాల సోషల్ మీడియా ప్రచారంలో ప్రవర్తన విశ్లేషణ

ఆటిజం థెరపీ కేంద్రాలు, కౌన్సెలింగ్ క్లినిక్‌లు, వ్యసన విముక్తి కేంద్రాలు తమ సేవలను సోషల్ మీడియాలో తెలియజెప్పడానికి ప్రవర్తన విశ్లేషణ సూత్రాలను వాడుకుంటున్నాయి. చికిత్సకు ఆధారమైన శాస్త్రమే ఇక్కడ ప్రచారానికీ పనికొస్తుంది. ఈ పద్ధతి, దాని మీద నియంత్రణ రెండూ ప్రధానంగా అమెరికాలో రూపుదిద్దుకున్నాయి.

ప్రవర్తనవాదానికి, ప్రకటనల రంగానికి ఉన్న బంధం పాతది. 1913లో ఆ వాదాన్ని ముందుకు తెచ్చిన జాన్ బి. వాట్సన్, 1920లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి బయటికొచ్చాక జె. వాల్టర్ థాంప్సన్ ప్రకటనల సంస్థలో పనిచేశాడు. ఫలితాలను బట్టే ప్రవర్తన పెరుగుతుందని, తగ్గుతుందని తర్వాతి తరం ప్రవర్తనవాది బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలతో నిరూపించాడు. 1968లో బేర్, వుల్ఫ్, రిస్లీ కలిసి రాసిన వ్యాసం అనువర్తిత ప్రవర్తన విశ్లేషణకు ఏడు లక్షణాలు చెప్పింది. మార్చదలచిన ప్రవర్తన మనుషుల జీవితానికి నిజంగా ముఖ్యమైనదై ఉండాలన్నది వాటిలో మొదటిది. ప్రచారానికి కూడా ఈ షరతే గీటురాయి కావాలి.

విశ్లేషణ మూడు అంశాల మీద నడుస్తుంది: ముందున్న పరిస్థితి, ప్రవర్తన, ఆ తర్వాతి ఫలితం. మూడేళ్లు నిండినా బిడ్డకు మాటలు రాలేదని దిగులుపడే తల్లి రాత్రిపూట ఫోన్‌లో వెతుకుతుంది. ఆ దిగులే ఆమెకు సమాచారాన్ని విలువైనదిగా చేస్తుంది. కేంద్రం పెట్టిన పోస్ట్ కనబడుతుంది, ఆమె ఫోన్ చేస్తుంది. అవతల ఎవరూ ఎత్తకపోతే మళ్లీ చేయడం కష్టం. అందుకే పోస్ట్ ఎంత బాగున్నా, ఫోన్ ఎత్తే మనిషి లేని ప్రచారం నిలవదు. శ్రమ కూడా లెక్కలోకి వస్తుంది: పది గడులు నింపాల్సిన ఫారం దగ్గర ఆగిపోయేవారు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టగలరు.

లైకుల విషయంలో చాలా కేంద్రాలు దారి తప్పుతాయి. లైక్ ప్రభావం చూసేవారి కంటే పోస్ట్ పెట్టినవారి మీదే ఎక్కువ. ఎప్పుడు వస్తుందో తెలియని పునర్బలనం (ప్రవర్తనను పెంచే ఫలితం) ఆ ప్రవర్తనను గట్టిగా నిలబెడుతుందని ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957 నాటి గ్రంథంలో వివరంగా చూపారు. పేజీ నడిపేవారికి లైకులు సరిగ్గా అలాగే అందుతాయి. దాంతో పండుగ శుభాకాంక్షలు, సూక్తులు పెరిగిపోయి, అంచనా పరీక్ష ఎలా చేస్తారు, ఎంత ఖర్చవుతుంది లాంటి అవసరమైన సంగతులు వెనకబడతాయి. కొలవాల్సినది వచ్చిన ఫోన్లను, అంచనాకు హాజరైన కుటుంబాలను. కొన్ని వారాలు ఏ మార్పూ లేకుండా లెక్క రాసుకుని, ముందు ఒక శాఖలో, తర్వాత ఇంకో శాఖలో అదే మార్పు చేసి చూస్తే పెరుగుదల దేనివల్ల వచ్చిందో తేలుతుంది. పెద్ద బడ్జెట్ లేని చిన్న కేంద్రానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

ఈ శాస్త్రం తెలిసినవారికి ఎదుటివారి ఆందోళనను వాడుకోవడమూ తెలుసు కాబట్టి నియమాలు కఠినంగా ఉన్నాయి. 1998లో ఏర్పడిన అమెరికా బిహేవియర్ అనలిస్ట్ సర్టిఫికేషన్ బోర్డు నియమావళి, 2022 నుంచి అమల్లో ఉన్న రూపంలో, ప్రస్తుతం చికిత్స పొందుతున్నవారిని ప్రకటనల కోసం ప్రశంసలు అడగకూడదంటుంది. బిడ్డ థెరపీ ఆ కేంద్రం చేతిలో ఉండగా ఏ తండ్రి కాదనగలడు? వ్యక్తుల ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి వేదికలకు ఇచ్చిందన్న అభియోగం మీద ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ బెటర్‌హెల్ప్ 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 78 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. వ్యసన విముక్తి కేంద్రాల ప్రకటనల్లో మోసాలు బయటపడటంతో గూగుల్ 2017లో ఆ ప్రకటనలను పరిమితం చేసి, మరుసటి ఏడాది ధ్రువీకరణ షరతుతో తిరిగి అనుమతించింది.

అమెరికా సర్టిఫికేషన్ బోర్డు భారత్‌లో ఉండేవారి నుంచి ధ్రువీకరణకు కొత్త దరఖాస్తులు తీసుకోవడం 2023 జనవరి నుంచి ఆపేసింది కనుక, మన కేంద్రాల్లో అధిక భాగానికి దాని నియమావళి వర్తించదు. ఇక్కడ వర్తించేవి మన చట్టాలు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మానసిక అనారోగ్యానికి చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటో గానీ వివరాలు గానీ అతని సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసింది, పిల్లల్ని లక్ష్యంగా చేసుకున్న ప్రకటనలను నిషేధించింది. తెలుగు రాష్ట్రాల్లోని కేంద్రాలు ఈ కనీస హద్దు దగ్గరే ఆగిపోకూడదు. తల్లిదండ్రులు సంతకం పెట్టినా సరే, థెరపీ వీడియోలో పిల్లవాడి ముఖం చూపడం తగదు. అదే థెరపీని పెద్దలు చేసి చూపినా తల్లిదండ్రులకు కావలసిన సంగతి తెలుస్తుంది.