కూత ఆగిన చోటే తెంపు

నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతలలో ఒక మోటర్ల రిపేరు దుకాణం ముందు నిలబడ్డారు మీరు. బోరులోంచి లాగిన మూడు కోర్ల ఫ్లాట్ కేబుల్ ఎండలో పొడవుగా పరిచి ఉంది. మోటరు కాలలేదు. కేబుల్‌లో ఒక కోర్ లోపలెక్కడో తెగింది. పైతొడుగు మీద గీత కూడా కనబడదు.

"కొత్త కేబుల్ అంటే నాతోని కాదు తమ్మీ. ఏడ తెగిందో దొరుకుతదా?" అని అడిగాడు రైతు.

"ఆగు కాకా, ఇని చెప్త."

తెగిన కోర్‌కు మెకానిక్ ఒక చిన్న ఆసిలేటర్ తగిలించాడు, సన్నటి కూత పంపడానికి. మిగతా రెండు కోర్లు కలిపి ఆసిలేటర్ రెండో కొసకు కట్టాడు. అతని చేతిలో ఉన్నది సొంతంగా చేసుకున్న ప్రోబ్: రేకు డబ్బా, ముందు ఒక తీగ ముక్క, లోపల బీఎఫ్245 ఫెట్, గేటుకు 10 మెగోమ్‌ల రెసిస్టర్, ఆ తర్వాత ఎల్ఎం386 ఐసీ.

ఇయర్‌ఫోన్ మీకిచ్చాడు. ముందు ప్రోబ్‌ను ఫోన్ చార్జర్‌తో నడిపించి చూపిస్తున్నాడు. గుయ్యిమనే మోత తప్ప ఏమీ వినిపించదు. రెండు పిన్నుల చార్జర్ లోపల 230 వోల్టుల వైపుకూ 5 వోల్టుల వైపుకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. అందులోంచి కారే కరెంటు మనకు చిన్న జిల్లులా తగులుతుంది. 10 మెగోమ్‌ల గేటుకైతే అది వరదే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, తీగల్లో 50 హెర్ట్జ్ మోత ఆగే వేళంటూ లేదు. ప్రోబ్‌కు ఆ తీగలతో బంధుత్వమే ఉండకూడదు. మోసుకెళ్లడం సులువని కాదు, ఇందుకే బ్యాటరీ కావాలి.

పవర్ బ్యాంకూ పనికిరాదు. లోపల వోల్టేజీ పెంచే సర్క్యూట్ తన రొద తాను కలుపుతుంది. పైగా ఇంత తక్కువ కరెంటు లాగితే, ఏమీ తగిలించలేదనుకుని చాలావాటిలో దానంతటదే ఆగిపోతుంది.

ఇప్పుడు 9 వోల్టుల చదరపు బ్యాటరీ. కూత శుభ్రంగా వినిపిస్తోంది. సౌండ్ పెంచగానే టుప్ టుప్ టుప్! పాతబడిన కొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. ఐసీ గట్టిగా లాగినప్పుడల్లా వోల్టేజీ కుంగి, ఆ కుంగుబాటు ఫెట్ దాకా పాకుతుంది.

అతను చివరికి నాలుగు పెన్సిల్ సెల్లు వేశాడు. నా మటుకు నాకు ఇదే సరైన ఎంపిక. కొత్తవి 6 వోల్టులిస్తాయి. ఒక్కోటి 1 వోల్టుకు దిగినా 4 మిగులుతుంది, ఎల్ఎం386కు అది చాలు. చదరపు బ్యాటరీలో సుమారు 500 మిల్లీఆంపియర్ అవర్లే ఉంటాయి. ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులో 2000 పైమాటే. ఫెట్‌కు వెళ్లే దారిలో 100 ఓమ్‌ల రెసిస్టర్, 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టాడు. సెల్లు కూడా రేకు డబ్బాలోనే, నెగటివ్ డబ్బాకే. పని కాగానే వాటిని తీసేస్తాడట. మంచి అలవాటు: కారిన సెల్లు స్ప్రింగులను తినేస్తుంది.

ప్రోబ్ కేబుల్ మీదుగా కదులుతోంది. కూత, కూత, కూత... ఠక్కున సన్నగిల్లింది. వెనక్కి తెస్తే మళ్లీ కూత. అక్కడ సుద్దతో గీత గీసి, కోసి చూపించాడు. రాగి పచ్చగా చిలుమెక్కి విడిపోయి ఉంది.

"జాయింట్ కొట్టు తమ్మీ, పొద్దుగూకకముందే మోటరు దించాలె," అంటూ రైతు ట్రాక్టర్ వాడికి ఫోన్ కలుపుతున్నాడు.