ఆంధ్రప్రదేశ్ శాంతి చర్చలు (2004–2005)

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును, సాయుధ విప్లవ మార్గమున నడచుచుండిన మావోయిస్టు, జనశక్తి పక్షములకును నడుమ 2004వ సంవత్సరము అక్టోబరు 15 మొదలు 18 వరకు, హైదరాబాదు జూబిలీహిల్స్‌లోని డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో జరిగిన ముఖాముఖి సంభాషణలు, వానికి ముందుగా అమలులోనికి వచ్చిన కాల్పుల విరమణ, తదనంతరము నెలల వ్యవధిలోనే సంభవించిన విచ్ఛేదము: ఇవి మూడును కలిసి తెలుగునాట శాంతి చర్చల ఘట్టముగా ప్రసిద్ధి చెందినవి. అజ్ఞాతవాసమున నున్న నక్సలైటు నాయకులు అడవి విడిచి వచ్చి, రాష్ట్ర హోంమంత్రికి ఎదురుగా కూర్చొని, భూమిని గూర్చియు, పౌరహక్కులను గూర్చియు, ఆయుధములను గూర్చియు నాలుగు దినములపాటు వాదప్రతివాదములు సల్పుట అంతకుముందు ఎరుగని విషయము.

నేపథ్యము

శ్రీకాకుళ గిరిజన పోరాటము 1970 ప్రాంతమున అణగారిన పిదప, ఉద్యమ కేంద్రము ఉత్తర తెలంగాణమునకు మరలినది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలోని వెట్టిచాకిరి, దొరల పెత్తనము, బంజరు భూముల కబ్జా మొదలైనవానిపై 1978లో చెలరేగిన రైతుకూలీ ఉద్యమము, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనులపై జరిగిన పోలీసు కాల్పులు, ఈ రెంటి నడుమ 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వమున ఆవిర్భవించిన పీపుల్స్ వార్ పక్షము, తదుపరి పాతికేండ్ల చరిత్రకు దారి తీసినవి. ప్రభుత్వము 1989లో నక్సలైట్ల నెదుర్కొనుటకు గ్రేహౌండ్స్ అను ప్రత్యేక పోలీసు దళమును నెలకొల్పి, 1992లో పీపుల్స్ వార్‌పై నిషేధము విధించెను. 1995లో సడలిన ఆ నిషేధము మరుసటి యేట మరల వచ్చెను. ఒకవైపు ఎన్‌కౌంటర్లు, మరొకవైపు మందుపాతరలును, ఇన్‌ఫార్మర్లన్న ఆరోపణపై హత్యలును నిత్యకృత్యములై, పల్లెటూరి రైతుబిడ్డలే పోలీసులుగను దళ సభ్యులుగను ఎదురెదురై నేలకొరగు దుస్థితి ఏర్పడెను. 2003 అక్టోబరు 1న అలిపిరి వద్ద నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుపై జరిగిన మందుపాతర దాడి ఈ హింసకు పరాకాష్ఠ.

మధ్యవర్తుల కృషి

ఈ పరిస్థితిని చూచి చలించిన కొందరు విజ్ఞులు 1997లో పౌరస్పందన వేదికను స్థాపించిరి. విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ దీనికి సారథి. పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు, ఆచార్య జి. హరగోపాల్ ప్రభృతులు దీని సభ్యులు. వెట్టిచాకిరి విముక్తికై, దళిత గిరిజనుల సంక్షేమమునకై తన ఉద్యోగ జీవితమును ధారపోసిన శంకరన్, 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యమందలి గుర్తేడు వద్ద, తోడి అధికారులతోపాటు స్వయముగా నక్సలైట్ల చేత అపహరింపబడినవాడు. అట్టివాడు మనసున వైషమ్యమునకు తావీయక, ఇరుపక్షములకును సమానముగా లేఖలు వ్రాయుచు, ఇరువురి తప్పులను నిష్పక్షపాతముగా ఎత్తిచూపుచు సంవత్సరముల తరబడి శ్రమించుటయే చర్చలకు నైతిక పునాది అయ్యెను. 2002లో ఉభయపక్షముల ప్రతినిధుల నడుమ జరిగిన ప్రాథమిక సమావేశములు ఈ కృషి ఫలమే. ఎన్‌కౌంటర్లు ఆగకపోవుటచే అవి ముఖ్య చర్చల దశకు చేరకమునుపే భగ్నమైనవి.

కాల్పుల విరమణ

2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా కాంగ్రెసు ప్రభుత్వము ఏర్పడిన పిదప, జూన్ మాసమున ఇరుపక్షములును కాల్పుల విరమణ పాటింప పూనుకొనినవి. జులైలో గడువు తీరిన నిషేధమును ప్రభుత్వము పొడిగింపలేదు. పీపుల్స్ వార్ పక్షమున విప్లవ రచయిత వరవరరావు, గాయకుడు గద్దర్, నవలాకారుడు జి. కళ్యాణరావు ప్రతినిధులుగా ప్రభుత్వముతో సంప్రదింపులు నడపిరి. అక్టోబరులో పీపుల్స్ వార్ రాష్ట్ర కార్యదర్శి రామకృష్ణ, సుధాకర్, గణేశ్ అను నాయకులు ప్రకాశము జిల్లా నల్లమలలోని చిన్న ఆరుట్ల గూడెము వద్ద వెలికి వచ్చి, గుంటూరు జిల్లా గుత్తికొండ బిలము వద్ద ప్రజల నుద్దేశించి ప్రసంగించిరి. జనశక్తి తరఫున అమర్, రియాజ్ వచ్చిరి. ఉత్తరాదిలోని మావోయిస్టు కమ్యూనిస్టు కేంద్రముతో పీపుల్స్ వార్ విలీనమై సి.పి.ఐ. (మావోయిస్టు)గా అవతరించిన వార్త అక్టోబరు 14న, అనగా చర్చలకు ముందటి దినముననే, వెల్లడియైనది. నాయకులు బస చేసిన మంజీరా అతిథి గృహమునకు జనులు బారులు తీరి వచ్చి, భూతగాదాలు, అన్యాయములు, ఎన్‌కౌంటర్లలో పోయిన తమ బిడ్డల ఉదంతములు అర్జీలుగా వ్రాసి అందించుట, కచేరీలు తీర్చలేని మొర ఎంత పేరుకొనియుండెనో లోకమునకు చాటెను.

చర్చల సారము

ప్రభుత్వ పక్షమున హోంమంత్రి కుందూరు జానారెడ్డి నాయకత్వము వహించెను. పౌరస్పందన వేదిక సభ్యులు మధ్యవర్తులుగా కూర్చుండిరి. విప్లవ పక్షములు ప్రజాస్వామిక హక్కుల పునరుద్ధరణ, భూపంపిణీ, ప్రపంచబ్యాంకు షరతుల తిరస్కరణ, ప్రత్యేక తెలంగాణ మొదలగు అంశములను ముందుంచినవి. వీనిలో భూమి ప్రశ్నపై చర్చ గాఢముగా సాగెను. 1973 నాటి భూసంస్కరణల చట్టము కాగితములపై నిలిచిపోవుట, గిరిజన ప్రాంతములలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించు 1970 నాటి ఒకటవ నిబంధన (జనవ్యవహారమున 1/70) ఉల్లంఘింపబడుచుండుట ఎవరును కాదనలేని సత్యములు. ఇందుకై ఒక స్వతంత్ర సంఘము కావలెనని విప్లవకారులు కోరగా, ప్రభుత్వము అదే సంవత్సరము డిసెంబరులో మంత్రి కోనేరు రంగారావు అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 2006లో సమర్పించిన నివేదికయందలి 104 సిఫార్సులు నేటికిని భూహక్కుల అధ్యయనమునకు ప్రామాణికములు. చర్చలవలన మిగిలిన స్థిరఫలము ఇదియొక్కటే యనవచ్చును.

ఉల్లంఘన వివాదము

చర్చలను చంపినది భూమి కాదు, ఆయుధము. దళములు ఆయుధములతో గ్రామములలో సంచరించుట, సభలు జరుపుట, చందాలు వసూలు చేయుట, అమరుల స్మారక స్థూపములు కట్టుట, ఎర్రజెండాలు పాతి భూములను ఆక్రమించుట విరమణకు విరుద్ధమని ప్రభుత్వము వాదించెను. ఆయుధము తమ రాజకీయమునకు అంగము గనుక విడువబోమనియు, అడవులలో పోలీసులు సాగించు కూంబింగే (గాలింపే) అసలు ఉల్లంఘనమనియు విప్లవకారులు బదులు పలికిరి. ఇందు ఒక సూక్ష్మము గమనింపదగినది. దళము ఒక ఊరికి వచ్చినదని వినగానే పోలీసులు అచటికి పోవుదురు. పోలీసులు వచ్చుచున్నారని వినగానే దళము కావలి పెంచును. తుపాకి మ్రోగిన పిదప ముందు కాల్చినదెవరన్న ప్రశ్నకు ఇరువురును తమ సమాధానమునే సత్యమందురు. దీనిని తేల్చుటకు అధికారము గల పర్యవేక్షక సంఘము లేదు. ఉల్లంఘనమనగా నేమో నిర్వచించి, ఇరుపక్షములును తలయొగ్గిన ఒప్పందము సిద్ధింపలేదు. మధ్యవర్తుల చేతిలో నైతిక బలమే తప్ప వేరు సాధనము లేకుండెను.

విచ్ఛేదము

పొడిగించిన విరమణ గడువు డిసెంబరు 16తో ముగిసెను. రెండవ విడత చర్చలు జరుగనే లేదు. 2005 జనవరి ఆరంభమున ఎన్‌కౌంటర్లు మరల మొదలుకాగా, ఆ నెల నడుమ మావోయిస్టు, జనశక్తి పక్షములు చర్చలనుండి వైదొలగుచున్నట్లు ప్రకటించినవి. మార్చిలో చిలకలూరిపేట పోలీసు ఠాణాపై మావోయిస్టులు దాడి చేసిరి. జులై నెలారంభమున, చర్చల బల్లవద్ద కూర్చున్న రియాజ్ ఎన్‌కౌంటరులో మరణించెను. ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినోత్సవమునాడు, నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారుని, మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపిరి. రెండు దినములకే, ఆగస్టు 17న, మావోయిస్టు పక్షముపైనను, విప్లవ రచయితల సంఘముతో సహా అనుబంధ సంస్థలుగా భావింపబడినవానిపైనను నిషేధము వెలువడెను.

శ్రీలంకతో పోలిక

ఇంచుమించు ఇదే కాలమున శ్రీలంక ప్రభుత్వమునకును, తమిళ ఈలం విముక్తి పులులకును నడుమ నార్వే మధ్యవర్తిత్వమున 2002 ఫిబ్రవరి 22న కుదిరిన కాల్పుల విరమణ పరిశీలింపదగినది. అచట లిఖిత ఒప్పందము కలదు. ఉల్లంఘనలను నమోదు చేయుటకు నార్డిక్ దేశముల పర్యవేక్షక బృందము కలదు. ఆరు విడతల చర్చలును నడచినవి. అయినను పులులు 2003 ఏప్రిల్‌లో చర్చలనుండి విరమించుకొనగా, ప్రభుత్వము 2008 జనవరిలో ఒప్పందమునుండియే వైదొలగెను. 2009 మే నెలలో యుద్ధము, వేలకొలది తమిళ పౌరుల ప్రాణములను బలిగొని, ముగిసెను. పర్యవేక్షణ ఉన్నచోట విరమణ కొన్ని సంవత్సరములు నిలిచెను. లేనిచోట కొన్ని నెలలకే కూలెను. అయితే ఉల్లంఘనను లెక్కించినంతమాత్రమున అది ఆగదనియు, మూలసమస్యపై రాజకీయ పరిష్కారము కదలనిదే ఏ పర్యవేక్షణయు శాంతిని కాపాడజాలదనియు శ్రీలంక అనుభవము తెలుపుచున్నది.

పర్యవసానము

చర్చల తరువాతి రెండు మూడు సంవత్సరములలో మావోయిస్టు పక్షము నల్లమలలోను, ఉత్తర తెలంగాణములోను తన బలమును దాదాపు కోల్పోయి, ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దులకు తరలెను. శంకరన్, కన్నబిరాన్ ఇరువురును 2010లో కాలధర్మము చెందిరి. రామకృష్ణ 2021 అక్టోబరులో అనారోగ్యముతో అడవిలోనే మరణించెను. సుధాకర్, గణేశ్ 2025 జూన్‌లో వేర్వేరు ఎన్‌కౌంటర్లలో హతులైరి. 2004లో మావోయిస్టుల తరఫున చర్చల బల్లవద్ద కూర్చున్న మువ్వురిలో ఒక్కరును నేడు లేరు.

ఇరుపక్షములును విరమణను శాంతికి తొలిమెట్టుగా గాక, బలము కూడగట్టుకొను విరామముగా చూచుటయే ఈ వైఫల్యమునకు ముఖ్యకారణము. ప్రభుత్వము ఆయుధమును ముందు తేల్చుమనెను, విప్లవకారులు భూమిని ముందు తేల్చుమనిరి. ఈ రెంటిని సరిసమానముగా నడిపించు యంత్రాంగమును కల్పించుటకు ఎవరును పూనుకొనలేదు. దాని మూల్యమును చెల్లించినవారు చర్చల గదిలో చోటు దొరకని గిరిజనులు, పేద రైతులు, సామాన్య కానిస్టేబుళ్లు, దళములలోని యువకులు. కావున మున్ముందు ఏ ప్రభుత్వమైనను, ఏ సాయుధ పక్షమైనను సంభాషణకు పూనుకొనునప్పుడు, ఉల్లంఘనకు నిర్వచనమును, దానిని తేల్చు స్వతంత్ర సంఘమును మొదటి దినముననే ఏర్పరచుకొనవలెను. ప్రజల మూలసమస్యపై కనీసము ఒక్క నిర్ణయమునైనను వెంటనే అమలు పెట్టవలెను. ఈ రెండును లేని కాల్పుల విరమణ శాంతి కానేరదు.