నిజాం నిరంకుశ పాలనలో రాజకీయ సంస్కరణలు: పరిధి, పరిమితి

వ్యాససంగ్రహం:

హైదరాబాద్ సంస్థానంలో 1919 నుంచి 1946 వరకు రాజకీయ సంస్కరణలు పలుమార్లు ప్రకటితమయ్యాయి. అయినా పాలన స్వభావం మారలేదు. అధికారం ఒక్క సింహాసనంలోనే కాక జాగీర్దారు, దేశ్‌ముఖ్, పటేల్, పట్వారీల వరుసలో నెలకొని ఉండటమే ఇందుకు ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బొంరాస్‌పేట పరిసరాల పాలనా నేపథ్యాన్ని ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: నిజాం, సంస్కరణలు, జాగీరు, వెట్టిచాకిరి, ఆంధ్రమహాసభ, పటేల్-పట్వారీ వ్యవస్థ.

1. ప్రవేశిక

నేటి వికారాబాద్ జిల్లాలోని బొంరాస్‌పేట కొడంగల్ ప్రాంతానికి చెందినది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు కొడంగల్, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. సమీపంలోని వికారాబాద్‌కు పైగా ప్రభువు వికార్-ఉల్-ఉమ్రా పేరు వచ్చింది. పైగా ఎస్టేట్లకు సొంత రెవెన్యూ యంత్రాంగం, పోలీసు, న్యాయస్థానాలు ఉండేవి. ఈ ప్రాంత రైతు మాట్లాడేది తెలుగు, జిల్లా కేంద్రంలో వినిపించేది కన్నడం, ప్రభుత్వ కాగితాల భాష ఉర్దూ. తనపై జరిగిన అన్యాయాన్ని పైకి విన్నవించుకోవాలంటే అతడు దాటవలసిన గడపలు ఎన్నో ఈ అమరిక తెలుపుతుంది.

2. అధికార నిర్మాణం

సంస్థాన భూమిలో సుమారు 60 శాతం దివానీ, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫ్-ఎ-ఖాస్. మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీని ప్రవేశపెట్టి, శిస్తు వసూలును గుత్తేదార్ల నుంచి తప్పించి, జీతం తీసుకునే ఉద్యోగులకు అప్పగించారు. అది గణనీయమైన సంస్కరణ. అయితే అది ప్రధానంగా దివానీ ప్రాంతానికి పరిమితమైంది. అధికారం కోల్పోయిన దేశ్‌ముఖ్‌లకు రుసుములు దక్కాయి. భూమి మీద, మనుషుల మీద వారి పట్టు సడలలేదు.

ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కారు. ఆయన ఫర్మానాయే చట్టం. నజరానాల ఆచారం దర్బారు నుంచి గ్రామం వరకు వ్యాపించి ఉండేది. పైవాడికి ముట్టజెప్పినది కిందివాడి నుంచి రాబట్టుకోవడం ఆ వ్యవస్థలో అవినీతిగా కాక ఆనవాయితీగా చెలామణి అయింది.

3. ప్రకటనలు, ప్రయోగాలు

1893లోనే శాసనమండలి ఏర్పడినా దానికి స్వతంత్రాధికారం లేదు. 1919లో సర్ అలీ ఇమాం అధ్యక్షతన కార్యనిర్వాహక మండలి నెలకొంది. అదీ నిజాంకే జవాబుదారీ. 1937లో దివాన్ బహదూర్ అరవముదు అయ్యంగార్ అధ్యక్షతన సంస్కరణల సంఘాన్ని నియమించారు. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను నిషేధించారు, ఆపై సత్యాగ్రహం సాగింది. సంస్కరణలు ప్రకటితమైంది 1939 జూలైలో. సంస్కరణ సంఘం నివేదిక, రాజకీయ సంస్థపై నిషేధం ఒకే ఏట రావడం పాలకుల ఉద్దేశాన్ని వెల్లడిస్తుంది.

ప్రతిపాదిత శాసనసభలో 85 మంది సభ్యులు. అందులో ఎన్నికయ్యేవారు 42 మంది మాత్రమే. ఓటు సార్వత్రికం కాదు. జాగీర్దార్లు, వర్తకులు, రైతులు మొదలైన ప్రయోజన వర్గాల వారీగా ప్రాతినిధ్యాన్ని పంచారు. ప్రభుత్వాన్ని దించే అధికారం సభకు లేదు. యుద్ధం కారణంగా ఈ పథకం అమలు కూడా వాయిదా పడింది. 1946లో సవరించిన రూపంలో ఎన్నికలు జరిగినప్పుడు స్టేట్ కాంగ్రెస్ వాటిని బహిష్కరించింది.

4. వెట్టి ఫర్మానా: ఒక పరీక్ష

రాజ్యాంగ ప్రకటనల కన్నా వెట్టిచాకిరిని అరికట్టే ఉత్తర్వులు ఈ పాలన స్వభావాన్ని స్పష్టంగా పట్టి ఇస్తాయి. ఉత్తర్వులు వెలువడ్డాయి. వాటిని అమలు చేయవలసిన పటేల్, పట్వారీ, తహసీల్దారులే వెట్టి వల్ల లాభపడేవారు. ఫిర్యాదును అందుకునేవాడూ ముద్దాయీ ఒకరే అయినప్పుడు ఫర్మానా కాగితంగానే మిగులుతుంది.

అయితే ఆ కాగితానికీ ఒక ప్రయోజనం ఉంది. 1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘం, మాడపాటి హనుమంతరావు నాయకత్వంలో, ఇలాంటి ఉత్తర్వులను ప్రజలకు తెలిపే పనిని చేపట్టింది. సభలకు ముందస్తు అనుమతి కోరే గస్తీ నిషాన్ 53 వంటి ఆంక్షల మధ్యనే 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ జరిగింది. 1936లో షాద్‌నగర్ సభకు కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షత వహించారు. గ్రంథాలయాలు, పాఠశాలలు, తీర్మానాలతో సాగిన ఈ ఉద్యమం మితవాదమైనదే. కాని ప్రభువు దయగా ఇచ్చినదాన్ని హక్కుగా అడగడం అక్కడే అలవాటైంది. 1939 సంస్కరణల పట్ల వైఖరి ఆంధ్రమహాసభలో మితవాదులకు, అతివాదులకు మధ్య దూరాన్ని పెంచింది. 1944లో భువనగిరిలో చీలిక అనివార్యమైంది. 1946 నాటికి రైతాంగం తీర్మానాలను దాటి సాయుధ పోరాటంలోకి అడుగుపెట్టింది.

5. ముగింపు

1948 సెప్టెంబరులో సైనిక చర్యతో నిజాం పాలన ముగిసింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. గ్రామాన్ని నిజంగా తాకిన ఈ సంస్కరణ నిజాం ఫర్మానా నుంచి రాలేదు, ఎన్నికైన సభ నుంచీ రాలేదు. రైతాంగ పోరాటం నడుస్తుండగా సైనిక గవర్నర్ జె.ఎన్. చౌదురి ప్రభుత్వం దాన్ని అమలు చేసింది. అదీ జాగీర్దార్లకు పరిహారం చెల్లించే పద్ధతిలోనే. వంశపారంపర్య పటేల్-పట్వారీ వ్యవస్థ మరో మూడున్నర దశాబ్దాలు నిలిచి 1984లో రద్దయింది.

నిరంకుశ పాలనలో సంస్కరణ అసాధ్యమని ఈ చరిత్ర చెప్పదు. పాలకుడు ఎన్ని స్థానాలు ప్రకటించాడన్నది సంస్కరణకు సరైన కొలత కాదని మాత్రం చెబుతుంది. బొంరాస్‌పేట వంటి ఊరిలో రైతు తన ఫిర్యాదును ఎవరి ముందు పెట్టుకోవాలి, ఆ వినేవాడు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నలే అసలు కొలత. 1939 ప్రకటన ఈ ప్రశ్నల దరిదాపులకు రాలేదు. అందుకే అది పాలకులకు గడువు ఇచ్చింది, ప్రజలకు మాత్రం అధికారం ఇవ్వలేదు.