ప్లగ్గు పెట్టే వేళ

మాల్ మూసేశాక, ఎత్తైన పైకప్పుకున్న దీపాలు మార్చడానికి, మనుషుల్ని పైకెత్తే సిజర్ లిఫ్టు బయటికొస్తుంది. దాని అడుగున సాధారణంగా నాలుగు ఆరు వోల్టుల సీసం బ్యాటరీలుంటాయి. వరుసగా కలిపితే 24 వోల్టులు. లిఫ్టు కొత్తదే అయినా, ఆ రకం బ్యాటరీ పుట్టి నూట అరవై ఏళ్లు దాటింది. దాన్ని ఎలా చూసుకోవాలో మనుషులు నేర్చుకోవడానికీ చాలా కాలమే పట్టింది.

1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల్ని ఒకదానికొకటి తగలకుండా చుట్టగా చుట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచాడు. ఖాళీ అయినా మళ్లీ నింపుకోగలిగిన తొలి బ్యాటరీ అదే. అయితే దాన్ని ఎన్నోసార్లు నింపి, ఖాళీ చేస్తేనే రేకులు పనికొచ్చేవి. 1881లో కమీల్ ఫోర్ రేకులకు సీసపు ఆక్సైడ్ ముద్ద పూసి ఆ తంటా తగ్గించాడు.

తంటా తగ్గినా సీసం గుణం మారలేదు. కరెంటు వాడుతున్నకొద్దీ రెండు రకాల రేకుల (ప్లేట్ల) మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జింగ్ పెడితే అది కరిగి, ప్లేట్లు మళ్లీ సిద్ధమవుతాయి. రోజుల తరబడి ఖాళీగా వదిలేస్తే స్ఫటికాలు పెరిగి గట్టిపడతాయి. ఆ తర్వాత ఎంత ఛార్జి చేసినా పోయిన సత్తువ పూర్తిగా రాదు.

1890ల చివర న్యూయార్క్ వీధుల్లో తిరిగిన ఎలక్ట్రిక్ క్యాబులకు ఛార్జి అయ్యేదాకా ఆగే తీరిక లేదు. అందుకే స్టేషన్లో ఖాళీ బ్యాటరీని దించి, నిండినదాన్ని ఎక్కించేవారు. అమెరికాలోనే హార్ట్‌ఫర్డ్ విద్యుత్ కంపెనీ 1910ల నుంచి 1924 వరకు ఇంకో మార్గం పట్టింది. లారీ యజమాని బ్యాటరీ లేకుండానే బండి కొనేవాడు. నెలకింత, తిరిగిన మైలుకింత అని కట్టేవాడు. బ్యాటరీ బాగోగులు కంపెనీవి. ఆ బళ్లు మొత్తం 60 లక్షల మైళ్లకు పైగా తిరిగాయి. నింపే పని తెలిసినవాళ్ల చేతిలో ఉండటమే ఆ ఏర్పాటులోని బలం.

బ్రిటన్‌లో తెల్లవారుజామున పాలు పంచే ఎలక్ట్రిక్ బళ్లది మరో దారి. పొద్దున తిరగడం, మధ్యాహ్నానికి డిపో చేరడం, రాత్రంతా నిండటం. ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దాలపాటు సాగిన ఆ దినచర్య సీసం బ్యాటరీకి సరిగ్గా నప్పింది.

నేటి లిఫ్టుకూ అదే సూత్రం. అయిదో వంతు ఛార్జి మిగిలి ఉండగానే పని ఆపాలి. ఆ రోజే ప్లగ్గు పెట్టి, ఛార్జర్ తనంతట తాను ఆగేదాకా తీయకూడదు. ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోటు కావాలి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. డిస్టిల్డ్ వాటర్ ఛార్జి పూర్తయ్యాకే పోయాలి, ఎందుకంటే ఛార్జింగ్‌లో ఆమ్లం మట్టం పెరుగుతుంది. ముందే నింపేస్తే పొంగి బయటికొస్తుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం, ముందుగా అవి మునిగేంత వరకే పోయాలి.

మన ఇళ్లలో ఇన్వర్టర్‌కు పెట్టుకునే నీళ్లు పోసే బ్యాటరీదీ ఇదే వంశం. ఇంట్లో దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి ఎవరో ఒకరు ఉంటారు. పది చేతులు మారే లిఫ్టుకు అలాంటి మనిషి ఉండడు. అందుకే సైటు సూపర్‌వైజర్లు ఛార్జింగ్ పనిని ఒకరికి పేరుపెట్టి అప్పగించాలి. పని ముగిశాక ఆ వ్యక్తే ప్లగ్గు పెట్టి, రిజిస్టర్‌లో సంతకం చేసి వెళ్లాలి.